రెండున్నర గంటల్లో వచ్చిన అమ్మ చీర

బొంబాయి, పరేల్
శ్రావణ శుక్రవారం

చెల్లె బాలమ్మకు అక్క సత్తెమ్మ దీవెనలు.

నువ్వు, మరిది, పిల్లలు, మగ్గం గుంట వదలనని ఇంకా మొండికేసే మన చిన్నాయన, అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్లు ఎట్లున్నాయి? ఆవాల నూనె వేడి చేసి రాయమన్నాను, రాశావా, లేక పోయినసారి లాగా ఆ నూనెతో పచ్చడి పెట్టావా? ఇక్కడ మేమంతా క్షేమం. మనుమడు క్షేమం. కోడలు సుగుణ క్షేమం. విఠల్ మిల్లుకు పోతున్నాడు, వస్తున్నాడు, అన్నం తింటున్నాడు. క్షేమంగా లేనిది నా మనసొక్కటే. దానికి సగం కారణం నువ్వు, మిగిలిన సగం నీ వీధి చివరింటి రంగమ్మ. ఆ సంగతికే ఇన్ని కాగితాలు తీసుకుని కూర్చున్నాను. ముందు మర్యాదలు కానియ్.

ఇక్కడ వాన ఎట్లా పడుతుందో నీకు చెప్పినా నమ్మవు. మన కోస్గిలో వానకు ఎదురుచూస్తాం, మొగులు వంక చూసి విత్తనాలు తీస్తాం, పెడతాం. ఇక్కడ వాన పిలవకుండా వచ్చి, పొమ్మన్నా పోని చుట్టం. ఆరేసిన గుడ్డ ఆరదు. గోడలకు బూజు. మా చాల్ అంటే నీకు తెలుసు కదా, ఒక పొడుగు వరండా, దాని పొడుగునా గదులు, గదికొక సంసారం. అందరికీ కలిపి రెండు నల్లాలు. పొద్దున నీళ్ల కాడ ఆడవాళ్లు మరాఠీలో తిట్టుకుంటారు. రెండేళ్లయినా నాకు ఆ భాషలో సరిగ్గా తిట్టడం రాలేదు. పాలమూరు ఆడపిల్లల బడిలో అంతమంది నోళ్లు మూయించినదాన్ని, ఇక్కడ బిందె పట్టుకుని మూగదానిలా నిలబడుతున్నాను. నాకిక్కడ అన్నింటికన్నా కరువు అదే చెల్లె. తెలుగులో పోట్లాడటానికి ఒక మనిషి. జొన్నరొట్టె కరువు రెండోది. కోడలు గోధుమ రొట్టె చేస్తుంది. మంచి పిల్ల, ఏమీ అనను. కానీ అది రొట్టె కాదు.

ఇక అసలు సంగతి.

మనుమడు పుట్టగానే విఠల్ కోస్గికి తార్ కొట్టాడు. పురుడు పదకొండో నాడని నిశ్చయించాం. సుగుణను తొలి కాన్పుకు పుట్టింటికి పంపాలి, అది ఆచారం, నాకు తెలియనిది కాదు. రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది కాబట్టి ఇక్కడే ఉంచుకున్నాం. అందుకని తల్లి రంగమ్మే ఇక్కడికి వస్తానంది. రానీ. తల్లి రాకపోతే ఎవరు వస్తారు?

నీకు అప్పటికే రాశాను. అమ్మ చీర పంపమని. పురుడు నాడు నీళ్లు పోసినాక బిడ్డ మీద పడే మొదటి గుడ్డ మన ఇంట్లో ఎప్పుడూ అదే. బాపు అమ్మ కోసం నేసిన నల్లచెక్కుల చీర. అమ్మ కట్టి కట్టి, ఉతికి ఉతికి, వెన్నలాగా చేసిన చీర. నా విఠల్‌ను అందులో చుట్టాం, నీ పిల్లలు నలుగురినీ అందులోనే చుట్టాం. కోస్గి బయట పుట్టినవాడు మన ఇంట్లో వీడొక్కడే. వీడు మన మట్టి చూడలేదు, మగ్గం చప్పుడు వినలేదు. కనీసం ఆ చీరైనా వాడి ఒంటికి తగలాలని నా పట్టు. వియ్యపురాలు కూడా తన తల్లి చీర ఒకటి తెస్తున్నదని కోడలు నోరు జారింది. పచ్చ చీరట. సుగుణను అందులోనే చుట్టారట. తేనీ, అనుకున్నాను. నా చీర ముందే వచ్చి పెట్టెలో ఉంటుంది కదా అన్న ధైర్యం.

ఆ ధైర్యం నీకు అప్పజెప్పడమే నేను చేసిన పని.

నేను నీకు ఏం రాశాను? "మన అంజయ్య సెలవుకు వచ్చి ఉన్నాడు, తిరిగి మిల్లుకు వస్తున్నాడు, వాడి చేతికియ్యి" అని రాశానా లేదా? అంజయ్య వచ్చాడు. తాండూరులో పొద్దుగూకే వేళ రైలెక్కి, మర్నాడు పొద్దున మా గుమ్మం ముందు సంచీ భుజాన వేసుకుని నిలబడ్డాడు. సంచీలో పల్లీలున్నాయి, చింతపండు ఉంది, కారం ఉంది. చీర లేదు.

"చీర ఏదిరా?" అన్నాను.

"ఇయ్యలే పంతులమ్మా. ఎందుకియ్యరని అడిగిన. బాలమ్మ ఏమన్నదంటే, రంగమ్మ వదినె ఇమానంల పోతాంది, రెండున్నర గంటలల్ల బొంబాయిల దిగుతది, నీ రైలు ఒక రాత్రంత గుంజుతది, జల్ది చేరేదాన్ని ఇడిసిపెట్టి నీకెందుకిస్త అన్నది."

"మరి నువ్వేమన్నావు?"

"నేనేమంట? నాక్కూడ నిజమే గదా అనిపిచ్చింది."

అదే రోజు నీ కార్డు కూడా వచ్చింది. అదీ రైల్లోనే వచ్చింది. "రెండున్నర గంటలు" అని కింద గీత కూడా గీసి రాశావు. నా దగ్గరే చదువుకున్నావు, గీత మాత్రం తిన్నగా గీశావు.

అయ్యో చెల్లె, రెండున్నర గంటలు ఎక్కడి నుంచి ఎక్కడికి? కోస్గి నుంచి బొంబాయికా? బేగంపేట మైదానం నుంచి శాంతాక్రజ్ మైదానానికి. కోస్గిలో విమానం ఎక్కడ ఆగుతుంది, సంత కాడనా? బొంబాయి మనకు పడమర. తాండూరు రైలు పడమరకే వస్తుంది. రంగమ్మ ఏం చేసింది? బొంబాయి పోవడానికని బస్సెక్కి తూర్పుకు, హైదరాబాదుకు పోయింది. వచ్చే ఊరికి వీపు చూపించి బయల్దేరింది! పాలమూరులో మూడో తరగతి పిల్ల ఈ జవాబు రాసి ఉంటే సున్నా చుట్టి, వాళ్ల నాయినను పిలిపించేదాన్ని.

ఆమె చిన్నకొడుకు బేగంపేటలో ఏదో విమానాల కంపెనీ దఫ్తర్‌లో గుమాస్తా అని నీకు తెలుసు. ఊరంతటికీ తెలుసు. తెలియనివాళ్లను పిలిచి మరీ ఆమె చెబుతుంది. వాడి నౌకరీ మీద తల్లికి పాసు దొరికింది. టికెట్టు కొన్నవాళ్లంతా ఎక్కినాక జాగా మిగిలితే పాసు మనిషిని ఎక్కిస్తారట. ఈ ముక్క ఆమె కోస్గిలో ఎవరికైనా చెప్పిందా? చెప్పదు.

ఇక్కడ మాత్రం చాల్ అంతా అదే మాట. విఠల్ ఎవరితో అన్నాడో, అందరూ వచ్చి అడగడం. పక్కగది కమలాబాయి రెండు వేళ్లు చూపించి, మూడో వేలు సగం మడిచి, "ఇంతేనా?" అని సైగ చేస్తుంది. ఇంతేనమ్మా అని తల ఊపాను. నేను రైల్లో వచ్చిననాడు, పెట్టె నెత్తిన, బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కితే ఈ చాల్‌లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నేను కూడా బొంబాయికే వచ్చాను. ఒళ్లు హూనం చేసుకుని మరీ వచ్చాను.

నీ దగ్గర దాచేదేముంది? నాకు కళ్లు మండాయి. జీవితమంతా గోడ మీద పటం తగిలించి, కర్ర పట్టుకుని, ఇది హైదరాబాదు, ఇది బొంబాయి, మధ్యన ఎంత దూరం అని పిల్లలను అడిగినదాన్ని నేను. విమానం నేల విడిచి ఎట్లా లేస్తుందో పలక మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని నేను. రంగమ్మకు హైదరాబాదు ఏ దిక్కో చెప్పడం రాదు. ఆమె ఎగిరింది.

నా పాత పటాల పుస్తకం తీశాను. విఠల్ మిల్లు నుంచి తెచ్చిన నూలు పోగు ఒకటి తీసుకుని హైదరాబాదు మీద ఒక కొస పెట్టి బొంబాయి దాకా లాగాను. మైళ్ల కొలతతో చూస్తే తిన్నగా నాలుగు వందల మైళ్లకు లోపే ఉంది. అదే పోగును రైలు బాట వెంట, తాండూరు, వాడి, షోలాపూర్, పూనా వంకర్లన్నీ తిప్పి పెడితే ఐదు వందలకు దగ్గర పడింది. పోగు మిగల్లేదు. కోడలు మంచం మీద నుంచి చూసి, "ఏం కొలుస్తున్నరు అత్తమ్మా?" అంది. "మీ అమ్మను" అన్నాను.

ఇక రంగమ్మ రావాలి. రాలేదు.

విఠల్ డ్యూటీ మార్చుకుని శాంతాక్రజ్ పోయాడు. వానలో తడిసి ఒక్కడే తిరిగొచ్చాడు. "వానకు ఇమానం బయల్దేరలేదట అమ్మా" అన్నాడు. మళ్లీ పోయాడు. "వచ్చింది గానీ జాగా లేక అత్తమ్మ ఎక్కలేదట." మళ్లీ పోతానంటే, "ఒరే, నువ్వు పోయి వచ్చిన దూరం కలిపితే ఈపాటికి కోస్గి పోయి చీర తెచ్చేవాడివి" అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. పాపం వాడికి ఇద్దరు తల్లుల మధ్యన జ్వరం వచ్చేటట్టుంది.

పురుడు నాడు తెల్లారకముందే విఠల్ మళ్లీ శాంతాక్రజ్ పోయాడు, ఇక్కడ పొద్దున్నే నీళ్లు కాగాయి. పసుపు, వేపాకు, సాంబ్రాణి, అన్నీ సిద్ధం. "ఇగ కానిద్దామా?" అని నేను అడిగితే కోడలు గుమ్మం వంక చూసింది. నేనూ అటే చూశాను. ఆ పిల్ల వాళ్లమ్మ కోసం, నేను మా అమ్మ కోసం, ఇద్దరం ఒకే గుమ్మం వంక చూస్తూ కూర్చున్నాం. నీళ్లు చల్లారాయి. మళ్లీ కాచాను. మళ్లీ చల్లారాయి. దండెం మీద విఠల్ కొత్త తువ్వాల ఉంది, మిల్లుది, తెల్లటిది. "మధ్యాహ్నం దాటితే ఇదే కప్పుదాం" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నిన్ను ఎన్ని తిట్లు తిట్టానో ఇక్కడ రాయను, ఇంత పొడుగు ఉత్తరం నీ కోడళ్లతో చదివించుకుంటావు కాబట్టి.

అప్పుడు కింద గొడవ వినిపించింది. చాల్ అంతా వరండాలోకి వచ్చింది. రంగమ్మ మెట్లెక్కుతున్నది. వెనక విఠల్ పెట్టె మోస్తున్నాడు. తలుపు తలుపుకూ ఒక మనిషి నిలబడి ఆమెను చూస్తున్నారు. పెళ్లికూతురుకు కూడా ఇంత మర్యాద ఉండదు. ముఖం మాత్రం వాడిపోయి ఉంది, అది చూసి నాకు కొంచెం కడుపు చల్లబడిందని రాస్తే నన్ను తప్పు పట్టకు.

"బాగున్నవా వదినె?" అన్నది.

"బాగున్నా. రెండున్నర గంటలు అయిందా?" అన్నాను.

"ఊకో వదినె, అవుతల చెప్త గని, ముందుగాల పిలగాన్ని సూడనియ్యి."

కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చింది. బిడ్డను చూసి ఏడ్చింది, కూతురును చూసి ఏడ్చింది. నేను మళ్లీ నీళ్లు కాచాను. మూడోసారి. ఏడుపు ఆగినాక మొదలుపెట్టింది. మొగులు మీద ఎట్లా పోయిందో, ఒక పిల్ల వచ్చి పళ్లెంలో పిప్పరమెంట్లు ఎట్లా ఇచ్చిందో, చెవులు ఎట్లా గిల్లుమన్నాయో. కమలాబాయి మొదలు నలుగురు ఆడవాళ్లు గుమ్మంలో కూర్చుని నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఒక్కదానికీ తెలుగు రాదు!

"పైకెళ్లి మన తాండూరు కూడ కండ్లవడ్డది వదినె. స్టేషను, ఇండ్లు, అన్ని అగ్గిపెట్టెలోలె."

నేను లేచి పటాల పుస్తకం తెచ్చాను. పోగు ఇంకా అందులోనే ఉంది. "ఇదిగో, ఇది నీ దారి. బీదరు పక్క నుంచి పోయావు. తాండూరు ఇక్కడుంది, ముప్పై మైళ్లు ఎడమకు. పైగా వానమబ్బు. ఏ కండ్లతో చూశావు?"

రంగమ్మ పోగు వంక చూసింది, నా వంక చూసింది. "గట్లనా? ఏమో వదినె, నాకైతె తాండూరే అనిపిచ్చింది. భయంతోని బుగులైతుంటె ఏదో ఒకటి మనది కండ్లవడాలె గద."

పుస్తకం మూశాను.

బిడ్డకు నీళ్లు పోశాను. నేనే పోశాను, కాళ్ల మీద పడుకోబెట్టుకుని. కళ్లు మాత్రం రంగమ్మ మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆమె పెట్టె తెరుస్తుంది, అందులో రెండు చీరలుంటాయి, ముందు ఏది తీస్తుంది? నా చీర ఆమె చేతిలో పెట్టింది నా సొంత చెల్లెలు. ఆమె కోడలికి కన్నతల్లి. దూరం నుంచి వచ్చింది. కూతురు చూస్తున్నది. పచ్చ చీర తీస్తే నేను నలుగురిలో ఏం నోరు ఎత్తుతాను?

రంగమ్మ పెట్టె తెరిచింది. నల్లచెక్కుల చీర తీసింది. మడత నలగలేదు. నువ్వు పెట్టిన వేపాకు ఇంకా మడతలో ఉంది. రెండు చేతులతో నాకు అందించింది.

"వదినె, మీ అమ్మ చీర."

తీసుకున్నాను. చుట్టాను. వాడు ఆ చీరలో ఒకసారి ఒళ్లు విరుచుకుని, ఏడుపు ఆపి, నిద్రపోయాడు. అప్పుడు బుద్ధిగా ఊరుకోవాలి కదా? ఊరుకోలేదు నేను. "మరి నీ పచ్చ చీర?" అన్నాను.

"మర్సిపోయిన" అన్నది, పెట్టె మూసి.

ఊరంతా మోసేటంత సద్ది కట్టుకుని వచ్చిన మనిషి, రెండున్నర గంటల దారికి మూడు రోజుల జొన్నరొట్టెలు తెచ్చిన మనిషి, తల్లి చీర మర్చిపోయిందట. నేను నమ్మలేదు. దాచుకుంది, తర్వాత నేను లేనప్పుడు కప్పుతుంది అనుకున్నాను. నా బుద్ధి అట్లాంటిదే, నీకు తెలియనిది కాదు.

మర్నాడు నల్లా కాడికి పోతే రంగమ్మ అప్పటికే అక్కడుంది. నా బకెట్లో పచ్చ చీర నానబెట్టి, సబ్బు పెట్టి, రుద్ది రుద్ది ఉతుకుతున్నది. నన్ను చూసి చీర మీద చేయి అడ్డం పెట్టింది, పాఠం రాయని పిల్ల పలక దాచినట్టు. వాసన మాత్రం దాగలేదు.

"ఏమైంది రంగమ్మా?"

"ఏం జెప్పాలె వదినె. వానల ఇమానం ఎత్తేసింది, కుదేసింది. కడుపుల ఏమున్నదో అంత బైటవడ్డది. కాయిదం సంచి ఇచ్చిండ్రు గని నాకు అది తెరుసుడు రాలే. పక్కపొంటి కోటు తొడిగిన పెద్దమనిషి కూసున్నడు. ఆయన మీదికి పోతదని ఒడిల ఉన్న మూట ఇప్పిన."

"మూటలో రెండు చీరలున్నాయి కదా?"

"ఉన్నయి."

"పైన ఏది ఉంది?"

ఆమె చీర పిండుతూ నా వంక చూసింది. "పైన మీ అమ్మ చీరనె ఉన్నది. అయితే? ఒకటి నాది, ఒకటి బాలమ్మ నమ్మి నా చేతుల వెట్టింది. ఏది తియ్యాలె వదినె నేను?"

చెల్లె, నేను ఆ విమానంలో ఉండి ఉంటే, నా ఒడిలో ఆ మూట ఉండి ఉంటే, ఏది తీసేదాన్నో నాకు తెలుసు. నీకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తకుందాం.

ఇప్పటిదాకా ఆమెను చూసి కళ్లు మండటానికి విమానం ఒకటే ఉండేది. ఇప్పుడు ఇది కూడా చేరింది. మొదటిదానికైనా ఎప్పటికో ఒక టికెట్టు కొనుక్కోవచ్చు. దీనికి ఎక్కడ కొంటారో నా పటాల పుస్తకంలో లేదు.

బకెట్టు ఆమె చేతిలో నుంచి లాక్కుని మిగిలింది నేను ఉతికాను. ఈ వానలో అది ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆరినాక, దూలానికి ఉయ్యాల కట్టాలి కదా, దాంతోనే కట్టాను. ముడి నేనే వేశాను. రంగమ్మ రెండుసార్లు లాగి చూసి, "గట్టిగనె ఉన్నది" అన్నది. పంతులమ్మను పరీక్ష చేసింది! కోడలు అటు తిరిగి నవ్వింది.

ఇక చిన్న పనులు. జొన్నపిండి పంపు, రాళ్లు లేకుండా జల్లించి. రంగమ్మ తెచ్చిన రొట్టెలు అయిపోయాయి, నేనే ఎక్కువ తిన్నాను. ఆమె వచ్చే నెల తిరిగి వస్తుంది. విమానం పేరెత్తితే చెవులు మూసుకుంటున్నది. రైలెక్కించి పంపుతాం, తాండూరులో దిగుతుంది, మరిదిని బండితో పంపు. తాండూరు ఈసారి నిజంగా చూస్తుంది. ఊళ్లో మళ్లీ ఆ విమానం కథ చెబుతుంది, పిప్పరమెంట్లు, అగ్గిపెట్టెలు, అన్నీ. తాండూరు కనిపించిందంటే కనిపించిందనే ఒప్పుకో. పటం గిటం తియ్యకు. పచ్చ చీర సంగతి ఆమె చెప్పదు. నువ్వు చెప్పు, వీధంతా చెప్పు. నేను రాశానని మాత్రం అనకు.

అమ్మ చీర ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచుకుంటాను. మళ్లీ అడిగితే ఎవరి చేతికియ్యాలో ఇప్పుడు నీకన్నా నాకే బాగా తెలుసు.

చిన్నాయన కాళ్లకు నా దండాలు చెప్పి, మనుమడి పేరున ఒక దీవెన అడిగి తీసుకో. మరిదికి, నీ కోడళ్లకు, పిల్లలకు నా దీవెనలు. పక్కింటి వాళ్లకు, అడిగినవాళ్లందరికీ అడిగానని చెప్పు, అడగనివాళ్లకు కూడా చెప్పు.

ఇది రాస్తుంటే రంగమ్మ ఉయ్యాల ఊపుతున్నది. మనుమడు అటు కిటికీ దాకా పోతున్నాడు, ఇటు నా కాగితం దాకా వస్తున్నాడు, అమ్మ చీరలో కాళ్లు కదుపుతూ. ఆమె ఎగిరి వచ్చింది. బొంబాయి వైపు తాండూరు దాటి ఎరగని మన అమ్మ, ఆమె చీర కూడా మొగులు మీదుగా ఎగిరి వచ్చింది. వీడు పుట్టి నెల కాలేదు, వీడూ ఎగురుతున్నాడు. ఈ ఇంట్లో ఇంకా నేల మీద కూర్చున్నది నేనొక్కదాన్నే.

నీ మేలు కోరే, నీ మీద కోపం ఇంకా సగం మిగిలిన
అక్క
సత్తెమ్మ